కొత్త పైపులు వేశాక ఫ్లష్ ట్యాంకు నిండనని మొరాయిస్తే

విశాఖపట్నం

పిల్లలూ,

ఇంట్లో పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు పీకేసి సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) వేయించారు. కుళాయిల్లో నీళ్లు ధారగానే వస్తున్నాయి. ఫ్లష్ ట్యాంకు మాత్రం ఒకసారి నొక్కితే మళ్లీ నిండడానికి పావుగంట పడుతోంది. ఇలాంటప్పుడు "ప్రెషరు చాలట్లేదు, పంపు పెట్టించండి" అనేవాళ్లు ఎక్కువ. ఆ మాట వినేముందు ఒక బకెట్టు, లీటరు సీసా, పాత టూత్‌బ్రష్షు దగ్గర పెట్టుకుని, పెద్దవాళ్లలో ఒకరిని తోడు పిలవండి. చాలా ఇళ్లలో తప్పు పైపుల్లో ఉండదు, ట్యాంకులోకి నీళ్లు దూరే ఆఖరి అంగుళంలో ఉంటుంది.

ముందుగా, నీళ్లు నెమ్మదిగా వస్తున్నాయా లేక వచ్చినవి వచ్చినట్టే కారిపోతున్నాయా తేల్చండి. ట్యాంకులో నాలుగు చుక్కల నీలిమందు వేసి, ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూడండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే అడుగునున్న రబ్బరు సీలు పోయిందన్నమాట. అది మారిస్తే చాలు.

నీలం దిగలేదా? అయితే గోడకున్న యాంగిల్ కాక్, అంటే ట్యాంకుకు నీళ్లు ఆపే చిన్న కుళాయి, కట్టేసి, ట్యాంకు వైపున్న కనెక్షన్ పైపు నట్టు చేత్తో విప్పండి. పైపు చివర బకెట్టు మీదికి పెట్టి కాక్ పూర్తిగా తిప్పండి. పైపును నట్టు ఉండే ఎత్తులోనే పట్టుకోవాలి. నేలకు దించితే ధార నిజంగా ఉన్నదానికన్నా జోరుగా కనబడి మోసం చేస్తుంది. లీటరు సీసా 20 సెకన్లలో నిండితే నిమిషానికి 3 లీటర్లు వస్తున్నట్టు. అంటే 6 లీటర్ల ట్యాంకు రెండు నిమిషాల్లో నిండాలి. ఇక్కడ ధార బాగుండి ట్యాంకు మాత్రం నిండకపోతే దోషం ట్యాంకులోకి నీళ్లు వదిలే ఇన్‌లెట్ వాల్వుదే.

ఆ వాల్వు తోకలో, అంటే కనెక్షన్ పైపు తగిలే చివర, వేలిగోరంత ప్లాస్టిక్ జాలీ ఒకటి ఉంటుంది. కొత్తగా ప్లంబింగ్ చేసిన ప్రతి ఇంట్లోనూ చెత్తంతా చేరేది అక్కడికే. సీపీవీసీ కోసినప్పుడు రాలిన పొట్టు, అతుకు లోపలికి పొంగి ఎండిన సొల్యూషన్ ముక్కలు, మరలకు చుట్టే టెఫ్లాన్ టేపు పోగులు, గోడ కొట్టినప్పటి ఇసుక. కుళాయి నోరు పెద్దది కాబట్టి వీటిని బయటికి ఊసేస్తుంది. జాలీ పట్టుకుని కూర్చుంటుంది. అందుకే కుళాయిలన్నీ బాగుండి ట్యాంకు ఒక్కటే అలుగుతుంది. జాలీని మెల్లగా లాగి, బ్రష్షుతో ఎదురువైపు నుంచి కడగండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో దానిమీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. నిమ్మరసంలోగాని వెనిగర్‌లోగాని అరగంట నానబెడితే ఊడిపోతుంది. బాత్‌రూమ్ యాసిడ్ జోలికి పోవద్దు, రబ్బరు పాడవుతుంది.

కొన్ని వాల్వుల్లో జాలీ పక్కనే చిన్న బెజ్జమున్న ప్లాస్టిక్ బిళ్ల కూడా ఉంటుంది. అది ప్రెషరు ఎక్కువున్న లైన్ల కోసం పెట్టినది. డాబా మీది ట్యాంకు నుంచి దిగే నీళ్లకు అది అడ్డమే. వాల్వుతో వచ్చిన కాగితం చూసుకుని తీసేయండి. జాలీని మాత్రం తీసి పారేయకండి. పారేస్తే ఈసారి ఇసుక లోపలి రబ్బరు వాషరు కిందికి చేరి నీళ్లు ఆగకుండా కారుతూనే ఉంటాయి.

బకెట్టులోనే ధార సన్నగా ఉంటే వెనక్కి వెళ్లండి. కాక్ సగమే తెరుచుకుందేమో, కనెక్షన్ పైపు మడత పడిందేమో చూడండి. డాబా మీద లైను మొత్తం ఆపే గేట్ వాల్వును పనయ్యాక పూర్తిగా తెరవడం మరచిపోవడం కూడా మామూలే. లైన్లో గాలి ఇరుక్కుంటే అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తిప్పి, చిమ్మడం ఆగేదాకా వదిలేయండి.

ఇవేవీ కాకపోతే అప్పుడు ఎత్తు, పైపు సైజు లెక్క. ఒక్కో మీటరు ఎత్తుకు సుమారు 0.1 బారు (ప్రెషరును కొలిచే కొలత) ప్రెషరు. ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో కింది ఇంటికి 1.5 బారు వస్తే, డాబా కిందనే ఉన్న ఇంటికి 0.3 దాటడం కష్టం. పైగా అర అంగుళం జీఐ పైపు లోపలి వ్యాసం దాదాపు 16 మిల్లీమీటర్లయితే, అర అంగుళం సీపీవీసీది 12 పైచిలుకు. పేరు ఒకటే, నీళ్లు పోయే దారి వైశాల్యం మాత్రం అరవై శాతానికి తగ్గింది. డాబా నుంచి దిగే లైను అంగుళమో అంగుళంపావో ఉండి, చివరి కొమ్మ మాత్రమే అర అంగుళం అయితే పై అంతస్తులోనూ ఇబ్బంది రాదు. అలా కాకుండా మొత్తం అర అంగుళంతో లాగేసి ఉంటే మేస్త్రీని మళ్లీ పిలవాల్సిందే. నన్నడిగితే పంపుకన్నా అదే మేలు.

మళ్లీ బిగించేటప్పుడు నట్టును చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. ప్లాస్టిక్ మరల మీద పానా వేస్తే పగులుతుంది. పైపు చివర రబ్బరు వాషరు ఉంటుంది కాబట్టి అక్కడ టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. టేపు కావలసింది యాంగిల్ కాక్ గోడలోకి వెళ్లే మరకు. బిగించేముందు కాక్‌ను ఒకసారి బకెట్టులోకి తెరిచి రెండు నిమిషాలు నీళ్లు వదలండి, లైన్లో మిగిలిన చెత్త అందులోకి పోతుంది.

వాల్తేరు వైపు, సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు కనెక్షన్ పైపు మీది స్టీలు అల్లికను కూడా చూసుకోండి. ఉప్పుగాలికి నాసిరకం అల్లిక తుప్పుపట్టి తీగలు తెగుతాయి. మారుస్తుంటే 304 రకం స్టీలు అడగండి.

ఇట్లు,
మీ తాతయ్య