ఎన్‌కోడర్ల పోలికలో క్లిప్ ఏది, కొలత ఏది?

వీడియోను కుదించే కొత్త ఎన్‌కోడర్ వచ్చినప్పుడల్లా ‘ఇంత శాతం తక్కువ బిట్‌రేట్‌తో (సెకనుకు వాడే డేటాతో) అదే నాణ్యత’ అంటారు. ఏ క్లిప్ మీద, ఏ కొలతతో తేల్చారో చెప్పకపోతే ఆ శాతానికి విలువ లేదు.

1990ల్లో పరిశోధకులందరి చేతుల్లోనూ అవే నాలుగైదు క్లిప్పులు తిరిగేవి. వాటిలో ‘ఫోర్‌మన్’ అందరికీ తెలిసింది: 352×288 సైజు, 300 ఫ్రేములు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి కెమెరాకేసి చూస్తూ మాట్లాడతాడు, చివర్లో కెమెరా ఒక్కసారిగా కట్టడం జరుగుతున్న చోటికి తిరుగుతుంది. ‘అకియో’లో వార్తలు చదివే మహిళ తప్ప ఏదీ కదలదు, కాబట్టి అది ఏ ఎన్‌కోడర్‌కైనా తేలికే. అందరూ ఒకే క్లిప్పులు వాడటంతో ఒకరి ఫలితాన్ని మరొకరు సరిచూడగలిగారు. అది నిజంగా పెద్ద మేలు. కానీ ప్రశ్నపత్రం ముందే తెలిసిన పరీక్షలో వచ్చే మార్కుల్ని ఎంతవరకు నమ్మగలం?

ఆ లోటు తీర్చేలా స్వీడన్ టెలివిజన్ సంస్థ ఎస్‌వీటీ 2004లో 65 ఎంఎం ఫిల్మ్ మీద కొన్ని దృశ్యాలు తీయించింది. ‘డక్స్ టేక్ ఆఫ్’లో బాతులు లేచేసరికి నీళ్లంతా చెదురుతాయి. ముందు ఫ్రేమును చూసి తర్వాతిదాన్ని ఊహించే ఎన్‌కోడర్‌కు అక్కడ పట్టు దొరకదు. 2008లో వచ్చిన ‘బిగ్ బక్ బన్నీ’ అనే యానిమేషన్ చిత్రం ఉచితం కావడంతో అంతటా పాకింది గానీ, యానిమేషన్‌లో కెమెరా నాయిస్ (కెమెరా వల్ల బొమ్మలో చేరే సన్నని చుక్కలు) ఉండదు. దానొక్కదాని మీదే తీర్పు చెప్పడం తప్పని నా అభిప్రాయం. ఒకసారి కుదించిన వీడియోను తెచ్చి పరీక్షించడం ఇంకా తప్పు: పాత ఎన్‌కోడర్ వదిలిన మచ్చల్ని కొత్తది ఎంత బాగా దిద్దిందో కొలిచినట్టవుతుంది.

కొలతల సంగతి మరీ చిక్కు. పీఎస్‌ఎన్‌ఆర్ అనే కొలత అసలు వీడియోకూ కుదించినదానికీ పిక్సెల్‌కు పిక్సెల్ తేడా లెక్కిస్తుంది; తేడా తగ్గేకొద్దీ దాని విలువ పెరుగుతుంది. వేర్వేరు బిట్‌రేట్ల దగ్గర వచ్చిన ఆ విలువలతో గీసిన రెండు గీతల మధ్య సగటు దూరాన్ని ఒక్క శాతంగా చెప్పే పద్ధతిని 2001లో గిస్లె బ్యోంటెగార్డ్ ప్రతిపాదించారు. ఇవాళ మనం వినే శాతాలు ఎక్కువగా అలా పుట్టినవే. అయితే గ్రెయిన్‌ను (ఫిల్మ్‌లో కనిపించే సన్నని రేణువుల్ని) నున్నగా తుడిచేస్తే పీఎస్‌ఎన్‌ఆర్ పెరుగుతుంది, కంటికేమో బొమ్మ మైనంలా కనిపిస్తుంది. ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌లో కంటికోసం చేసే సర్దుబాట్లను ఆపేసే ‘ట్యూన్ పీఎస్‌ఎన్‌ఆర్’ సెట్టింగ్ విడిగా ఉన్నది అందుకే. ఒకదాన్ని ఈ సెట్టింగ్‌తో, ఇంకోదాన్ని మామూలుగా నడిపి పోల్చడం అన్యాయం.

2004లో వచ్చిన ఎస్‌ఎస్‌ఐఎం, 2016లో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన వీమాఫ్ అనే కొలతలు మనిషి చూపుకు మరికాస్త దగ్గరయ్యాయి. బొమ్మను కాస్త పదునుపెడితే వీమాఫ్ స్కోరు పెరిగిపోతోందని తేలాక, ఆ లాభాన్ని లెక్కలోకి రానివ్వని ‘నెగ్’ రకం కూడా తెచ్చారు.

ఏవీ1 అనే వీడియో కుదింపు పద్ధతి వచ్చాక మళ్లీ కొత్త తిరకాసు. అది గ్రెయిన్‌ను తీసేసి, ప్లేయర్ దగ్గర అలాంటిదే కొత్తగా పుట్టించగలదు. చూసేవాళ్లకు హాయిగానే ఉంటుంది. ఆ గ్రెయిన్ అసలుదానితో పిక్సెల్‌కు పిక్సెల్ సరిపోదు గనక మూలంతో పోల్చే ఈ కొలతలన్నీ మార్కులు కోస్తాయి. అలాంటి చోట 1974లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ మొదట రూపొందించిన బీటీ.500 పద్ధతే దిక్కు: మనుషుల్ని తెర ముందు కూర్చోబెట్టి, ఏది ఎలా ఉందో మార్కులు వేయించుకోవాలి.