అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ అంటే ట్రాక్టర్ రిపేరేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: అగ్రికల్చర్ డిగ్రీకే ఇది ఇంకో పేరు.

కాదు. పంటకు ఎన్ని నీళ్లు కావాలో సస్యశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. ఆ నీళ్లు ఎంత పైపులో, ఎంత ఒత్తిడితో, ఎంత మోటారుతో పొలం చేరాలో ఇంజినీరు తేలుస్తాడు. సెకనుకు 10 లీటర్లు 20 మీటర్ల ఎత్తుకు తోడాలంటే నీటికి అందాల్సిన శక్తి 1.96 కిలోవాట్లు. పంపు సామర్థ్యం 60 శాతమైతే షాఫ్టు దగ్గర 3.3 కిలోవాట్లు కావాలి. పైపులో రాపిడి వల్ల పోయే ఒత్తిడిని ఆ 20 మీటర్లకు కలపడం మరిచిపోతే మోటారు తిరుగుతూనే ఉంటుంది, చివరి మడికి మాత్రం నీళ్లు అందవు. మొదటి రెండేళ్లూ ఎక్కువగా గణితం, ద్రవ యంత్రశాస్త్రం, థర్మోడైనమిక్స్, సర్వేయింగ్ ఉంటాయి. గణితం తప్పించుకోవడానికి ఇందులో చేరితే మొదటి సెమిస్టర్‌లోనే చిక్కు.

అపోహ: చివరికి ట్రాక్టర్ మెకానిక్ పనే.

మెకానిక్ చెడిపోయినదాన్ని బాగుచేస్తాడు. బాగా ఉన్న యంత్రం పొలంలో అనుకున్న పని ఎందుకు చేయడం లేదో కనిపెట్టడం ఇంజినీరు పని. విత్తనాలు వేసే సీడ్ డ్రిల్‌నే చూడండి. దాన్ని జాకీ మీద ఎత్తి, ప్రతి గొట్టానికీ ఒక సంచి కట్టి, నడిపే చక్రాన్ని 20 చుట్లు తిప్పుతారు. చక్రం చుట్టుకొలత 1.5 మీటర్లయితే అది 30 మీటర్ల నడక. యంత్రం వెడల్పు 1.8 మీటర్లయితే విత్తిన నేల 54 చదరపు మీటర్లు. సంచుల్లో మొత్తం 540 గ్రాములు పడితే హెక్టారుకు 100 కిలోలు. సంచులను విడివిడిగా కూడా తూయాలి. మొత్తం సరిపోయినా ఒక గొట్టం బొటాబొటిగా, పక్కది ధారగా పోస్తుండొచ్చు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మెత్తటి నేలలో చక్రం కొంత తిరగకుండా జారుతుంది. పొలంలో 30 మీటర్లకు గుర్తులు పెట్టి లెక్కిస్తే 20 చుట్లకు బదులు 18 రావొచ్చు, అంటే విత్తనం 10 శాతం తక్కువ పడినట్టే. షెడ్డులో లెక్క తప్పలేదు, నేల ఆ లెక్కను మార్చేసింది.

స్ప్రేయర్‌కూ ఇదే పద్ధతి. నాజిల్ నుంచి నిమిషానికి వచ్చే లీటర్లను 600తో గుణించి, గంటకు కిలోమీటర్లలో వేగాన్ని నాజిళ్ల మధ్య మీటర్ల దూరంతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. 0.8 లీటర్లు, 6 కిలోమీటర్లు, అర మీటరు అయితే హెక్టారుకు 160 లీటర్లు. కొత్త నాజిల్ కంటే 10 శాతం ఎక్కువ పోస్తున్న నాజిల్‌ను మార్చేయాలి, శుభ్రం చేసి వాడకూడదు.

అపోహ: మెకానికల్, సివిల్ ఇంజినీర్లే ఈ పనులన్నీ చేసేయగలరు.

ఇందులో సగం నిజముంది. ట్రాక్టర్ ఇంజిన్, గేర్‌బాక్స్ డిజైన్‌కు కంపెనీలు మెకానికల్ వాళ్లనే ఎక్కువగా తీసుకుంటాయి, దీన్ని దాచి లాభం లేదు. మట్టి, గింజ, పండు చేతికొచ్చినప్పుడే తేడా తెలుస్తుంది. 22 శాతం తేమ ఉన్న 1000 కిలోల వడ్లను 14 శాతానికి ఆరబెట్టాలంటే ఎంత నీరు పోవాలి? వెంటనే వచ్చే జవాబు 80 కిలోలు, అది తప్పు. పొడి పదార్థం 780 కిలోలు. ఆరాక అది 86 శాతం కావాలి కాబట్టి మిగిలే బరువు 907 కిలోలు, పోవాల్సిన నీరు 93 కిలోలు. 80 పట్టుకుని డ్రయ్యర్ కట్టినవాడు వేడిని దాదాపు ఏడో వంతు తక్కువగా లెక్కేసినట్టు.

ఆ కొరత పూడ్చడానికి వేడి పెంచితే ఇంకో తిప్పలు. గింజ పైపొర ముందే ఎండిపోయి, లోపలి తేమ బయటికొచ్చేటప్పుడు పగుళ్లు పడతాయి. అవి మిల్లులో నూకలవుతాయి. అందుకే ఒక విడత ఆరబెట్టి, కొన్ని గంటలు తొట్టిలో ఉంచి, తేమ సర్దుకున్నాక రెండో విడత మొదలుపెడతారు.

ధాన్యం నిల్వచేసే ఎత్తైన గాదె, సైలో సంగతీ అంతే. నీళ్ల ట్యాంకులో లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. ధాన్యంలో కొంత బరువును గోడ రాపిడి మోస్తుంది, అడుగున ఒత్తిడి ఒక హద్దు దాటాక పెద్దగా పెరగదు. కానీ ధాన్యాన్ని నడిమధ్య నుంచి కాకుండా ఒక పక్క నుంచి తీస్తే ఒత్తిడి సమతూకం తప్పి గోడ లోపలికి సొట్టపోవచ్చు.

అపోహ: ఆడపిల్లలకు సరిపడదు.

యంత్రాల హ్యాండిల్ ఎత్తు, పెడల్ నొక్కే బలం మగవాళ్ల కొలతలతోనే పెట్టడం ఈ రంగంలో పాత లోపం. దాన్ని సరిదిద్దడం కూడా ఈ చదువులో ఒక శాఖే.

అపోహ: ప్రభుత్వ ఉద్యోగం లేదా పాఠాలు చెప్పడం, అంతకుమించి దారి లేదు.

యంత్రాల పరీక్ష, బిందు సేద్యం డిజైన్, కోల్డ్ స్టోరేజీ, మిల్లులు, ఆహార శుద్ధి ప్లాంట్లు, వాటర్‌షెడ్ పనులు, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, ఇలా దారులు చాలానే ఉన్నాయి. అన్నీ ఏసీ గది కొలువులు కావు. బిందు సేద్యంలో చేరితే మొదట్లో సగం పని డ్రాయింగులు, మిగతా సగం ఫిర్యాదులు. మొక్క దగ్గర చుక్కలుగా నీళ్లు వదిలే మామూలు డ్రిప్పర్‌లో ఒత్తిడి 20 శాతం తగ్గితే ప్రవాహం 10 శాతందాకా తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ తగ్గితే ముందు ఫిల్టర్ చూడాలి, తర్వాత లైను పొడవు, ఆ తర్వాతే డ్రిప్పర్‌ను అనుమానించాలి.

అపోహ: డ్రోన్ ఎగరేయడం నేర్చుకుంటే చాలు.

డ్రోన్ చిత్రాల నుంచి పైరు పచ్చదనాన్ని లెక్కగట్టే ఎన్‌డీవీఐ పటం పైరు ఎక్కడ పలచగా ఉందో చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. నీటి ఎద్దడి, నత్రజని లోపం, వేరు కుళ్లు మూడూ పటంలో ఒకే రంగుగా కనబడొచ్చు. కారణం తెలియాలంటే అక్కడికెళ్లి మట్టి తీయాలి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి తేమ తూయాలి. డ్రోన్‌తో పాటు జీఐఎస్ (కంప్యూటర్ పటాలు), క్యాడ్ (కంప్యూటర్ డ్రాయింగ్), ట్రాక్టర్‌కూ పనిముట్టుకూ మధ్య సమాచారం మార్చే ఐఎస్ఓ 11783 ప్రమాణం తెలిసినవాళ్లకు గిరాకీ ఉంటుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనాలు కాదు, ల్యాబ్ చూడండి. పంపు టెస్టింగ్ బెంచ్ నడుస్తోందా, డ్రయ్యర్ మీద దుమ్ము పేరుకుందా, ట్రాక్టర్ ఇంజిన్ శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టుకు గార్డు ఉందా? ఆ షాఫ్టు తిరిగే నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకు తొమ్మిది. చొక్కా చివర చిక్కితే చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. గార్డు లేని ల్యాబ్‌లో మిగతా పాఠాలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.