ఆయాసం, అలర్జీ, ఇన్‌హేలర్: అపోహలు - వాస్తవాలు

నెల్లూర్లో ఛాతీ డాక్టర్ని. ఓపీలో రోజూ వినే మాటలు కొన్నుంటాయి, అవి మనసులోంచి పోతే తప్ప మందు సరిగ్గా వాడరు, అందుకే రాస్తన్నా.

అపోహ: ఇమ్యూనిటీ తగ్గి అలర్జీ వస్తది.

కాదండీ, ఇమ్యూనిటీ దారి తప్పి వస్తది. పరుపులో ఉండే కంటికి కనపడని పురుగుల రెట్ట లాంటిది తగలగానే శ్వాసనాళం లోపలి పొర టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33 అనే ప్రోటీన్లు వదుల్తది, ఊళ్ళో దండోరా వేసినట్టు. అది విని కొన్ని తెల్లకణాలు ఐఎల్-4, 5, 13 అనే కబురు ప్రోటీన్లు (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్) పంపిస్తాయి. 4 ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీని తయారు చేయిస్తది, 5 ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాల్ని పెంచి పోషిస్తది, 13 కళ్ళె పెంచి గొట్టం ఊరికే బిగుసుకునేలా చేస్తది. ఇమ్యూనిటీ పెంచే కషాయాలు తాగితే ఇది ఆగదు.

అపోహ: సిట్రిజిన్ వేసుకుంటే చాలు, రొయ్యలు మానేస్తే చాలు.

తుమ్ములకీ దురదకీ సిట్రిజిన్ బాగానే పనిచేస్తది, అక్కడ అది అడ్డుకునే హిస్టమిన్ అనే రసాయనం ఎక్కువ కాబట్టి. ఆయాసంలో ల్యూకోట్రైన్లు అనే వేరే రసాయనాలు, పైన చెప్పిన ఐఎల్‌లు కూడా ఉంటాయి, వాటిని అది ముట్టుకోదు. ఇంకోటి, పడనిది తగిలాక మొదటి దెబ్బ నిమిషాల్లో వచ్చి తగ్గుద్ది, 4 నుంచి 8 గంటల తర్వాత రెండో విడత వస్తది. రొయ్యల ప్లాంటులో వలిచే ఒకామె "పనిలో బాగానే ఉంటది సార్, ఇంటికి పోయాకే పిల్లికూతలు" అంటే ఇంట్లో ఏదో పడట్లేదనుకుని పరుపు కూడా మార్చేశారంట, రొయ్యలు తినడమూ మానేసింది పాపం. నేనడిగింది ఒక్కటే, సెలవు రోజుల్లో తగ్గుద్దా అమ్మా అని. తగ్గుద్దంది! అంటే పడనిది ప్లాంటులోనే ఉంది, ఇంట్లో వచ్చేది ఆ రెండో విడత. తినక్కర్లేదు, వలిచేటప్పుడు, ఉడికించేటప్పుడు గాల్లోకి లేచే తుంపర్లు పీల్చినా చాలు.

అపోహ: ఇసినోఫిల్స్ పెరిగితే ఉబ్బసమే.

కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి.

అపోహ: ఇన్‌హేలర్ అలవాటైపోద్ది, అది ఆఖరి మందు.

ఈ మాట వల్ల జరిగే నష్టం చూస్తే బాధేస్తది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆ ఐఎల్‌ల తయారీనే తగ్గిస్తది. ఒక పీల్పులో 200 మైక్రోగ్రాములు ఉందనుకోండి, 10 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మాత్రంటే 10,000 మైక్రోగ్రాములు, ఆ మాత్ర మాత్రం భయం లేకుండా మింగేస్తారు. గుణం కనపడటానికి రోజులు, వారాలు పడుద్ది, ఈలోపే పనిచేయట్లేదని ఆపేసి, వెంటనే హాయినిచ్చే సాల్బుటమాల్ ఒక్కదాని మీదే నెట్టుకొస్తారు, అది కండరాన్ని వదులు చేస్తదే గానీ లోపలి వాపు అట్నే ఉంటది. అదే ప్రమాదం.

ఐఎల్-5ని అడ్డుకునే మెపోలిజుమాబ్, ఐఎల్-4, 13 రెంటినీ అడ్డుకునే డుపిలుమాబ్ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, బాగా ముదిరిన వాళ్ళకే, ఖరీదు ఎక్కువ. వాటి గురించి ఎవరడిగినా ముందు ఇన్‌హేలర్ తీసి నా ఎదురుగా ఒకసారి పీల్చి చూపించమంటా, వాడాక నోరు పుక్కిలిస్తన్నారా అని కూడా అడుగుతా.