కార్తీకస్నానమూ, బస్సు కిటికీలూ

మా నాయనమ్మ కార్తీకమాసం నెలంతా తెల్లవారుజామున నాలుగింటికే లేచి గోదావరికి వెళ్లేది. నడుం లోతు నీళ్లలో మూడు మునకలు, అరటిదొప్పలో దీపం, తర్వాత తడిచీరతోనే ఇంటిదాకా నడక. ఆ నెలలో ఆవిడ తుమ్మగా నేను ఎరగను. ఒక ఏడు మాత్రం వీధిలో వాళ్లంతా బస్సు మాట్లాడుకుని సోమవారం పంచారామాలకు వెళ్లారు. ఒక్కరోజులో అయిదు గుళ్లు, అంటే పొద్దస్తమానం బస్సులోనే. చలిగాలి తగులుతోందని ఎవరో కిటికీలన్నీ బిగించారు. వెనక సీట్లో ఒకాయన దగ్గుతూనే ఉన్నాడట. మూడో రోజుకి నాయనమ్మకి రొంప, అయిదో రోజుకి ఇంటిల్లిపాదికీ. నింద గోదావరి మీద పడింది: “ఈ వయసులో చన్నీళ్ల స్నానాలేమిటత్తయ్యా!” అని మా అమ్మ.

ఈ నింద ఎంతవరకు న్యాయమో తేల్చడానికి ఇంగ్లండులో పెద్ద ప్రయత్నమే జరిగింది. 1946లో సాల్స్‌బరీ దగ్గర రొంప మీద పరిశోధన కోసమే ఒక కేంద్రం తెరిచారు. జనం సెలవుల్లో వచ్చి, పది రోజులు ఉచితంగా తిని, పడుకుని, ముక్కులో వైరస్ చుక్కలు వేయించుకుని వెళ్లేవారు. కొందరికి స్నానం చేయించి, ఒళ్లు తుడుచుకోనివ్వకుండా గాలి రివ్వున కొట్టే వరండాలో అరగంట నిలబెట్టి, తర్వాత తడి సాక్సులతో తిప్పారు. వైరస్ లేకుండా చలి ఒక్కటే అనుభవించిన వాళ్లకి రొంప రాలేదు. పాపం, వణుకు మాత్రం వచ్చి ఉంటుంది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2005లో కార్డిఫ్‌లో రొనాల్డ్ ఎకిల్స్ బృందం 90 మందిని 20 నిమిషాలపాటు చన్నీళ్లలో పాదాలు పెట్టి కూర్చోబెట్టింది. మరో 90 మంది ఖాళీ బేసిన్‌లో పాదాలు పెట్టారు. నాలుగైదు రోజుల్లో మొదటి గుంపులో 13 మంది, రెండో గుంపులో 5 మంది రొంప పట్టిందన్నారు. పాదాలు చల్లబడితే ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, అప్పటికే లోపల నక్కి ఉన్న వైరస్‌కి అదే అదను అవుతుంది అని ఎకిల్స్ ఊహ. ఆ ప్రయోగంలో వైరస్ పరీక్షలు చేయలేదు కాబట్టి దీన్ని ఊహగానే తీసుకోవాలి. అమ్మ మాట పూర్తిగా కొట్టిపారేయలేం, అలాగని గోదావరిలో రొంప లేదు.

ఉన్నదల్లా ముక్కులోనే. ఊపిరితిత్తుల్లో వేడి 37 డిగ్రీలుంటే, బయటిగాలి తగిలే ముక్కులో సుమారు 33. రొంప తెచ్చే వాటిలో ముఖ్యమైన రైనోవైరస్‌కి సరిగ్గా ఆ 33 డిగ్రీలే ఇష్టం. వీటిలో 150కి పైగా రకాలున్నాయి. ఒకదాన్ని గెలిచినా ఇంకోటి కాచుక్కూర్చుని ఉంటుంది. జీవితాంతం రొంప వస్తూనే ఉండటానికీ, దానికి టీకా లేకపోవడానికీ కారణం అదే. ముక్కు లోపల గోడంతా కంటికి కనపడని సన్నటి నూగు ఉంటుంది. అది సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ, పడ్డ దుమ్మునీ క్రిమినీ చీమిడితో కలిపి గొంతువైపు నెడుతుంది. మనకి తెలియకుండానే మింగేస్తాం, కడుపులోని ఆమ్లం మిగతా పని చూసుకుంటుంది. పొడిగాలి తగిలి చీమిడి చిక్కబడితే ఈ నూగు బురదలో దిగిన బండిచక్రంలా ఈడ్వలేక ఆగిపోతుంది. చలికాలం వైరస్‌కి చేసే ఉపకారాల్లో ఇదొకటి.

ఇంకోటి మనం చేస్తాం, తలుపులు మూసి. మూసిన గదిలో ఒకరు దగ్గితే సన్న తుంపరలు చాలాసేపు గాలిలోనే తేలుతుంటాయి. ఏసీ బస్సు, ట్యూషన్ గది, పెళ్లివాళ్లతో కిక్కిరిసిన వ్యాను, చలి చూడటానికి లంబసింగి వెళ్తూ అద్దాలెత్తిన కారు, అన్నీ ఒకటే. శాలువా కప్పుకుని అయినా సరే, జానెడు కిటికీ తీసి ఉంచడం నా లెక్కలో అన్నిటికన్నా చవకైన మందు. దగ్గేవాళ్లు మాస్కు పెట్టుకోవడం, బయటి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం కోవిడ్‌తో అందరికీ వచ్చిన విద్యలే, మళ్లీ మరిచిపోయాం.

ఫ్లూ సంగతి వేరు. పొద్దున బాగానే ఉన్న మనిషిని సాయంత్రానికి ఒళ్లు విరిచేసి మంచాన పడేస్తుంది. చలిదేశాల్లో అది శీతాకాలపు జబ్బు. మన దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో మాత్రం అసలు విజృంభణ జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానల్లో, చిన్న అల జనవరి–మార్చి మధ్య. అందుకని ఏటా వేయించుకునే ఫ్లూ టీకా ఇక్కడుండే వాళ్లు వానలకు ముందే వేయించుకుంటే మేలు. డిసెంబరులో పిల్లల దగ్గరకి డాలస్ వెళ్లే అమ్మానాన్నలు విమానం ఎక్కడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి, టీకా పని మొదలుపెట్టడానికి అంత సమయం పడుతుంది. షుగరు, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లూ, గర్భిణులూ దీన్ని వాయిదా వేయకూడదు.

రొంప పట్టాక చేసే వైద్యాల్లో సగం మన తృప్తికే. మెంథాల్ ఉన్న బామ్ రాస్తే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది కానీ తెరుచుకోదు. అది ముక్కులో చల్లదనాన్ని గుర్తించే నాడుల్ని తట్టి, గాలి బాగా ఆడుతున్నట్టు భ్రమ కలిగిస్తుందంతే. హాయిగా ఉంటే పెద్దవాళ్లు రాసుకోవచ్చు. ఆవిరి పట్టడం కూడా ఇలాగే, కాకపోతే మరుగుతున్న గిన్నె దగ్గర పసిపిల్లల్ని కూర్చోబెట్టొద్దు, ఒళ్లు కాలిన కేసులు ఆసుపత్రులకు కొత్త కాదు. తేనె దగ్గుకి కాస్త ఉపశమనమే, ఏడాది నిండని బిడ్డకి మాత్రం నాకించకూడదు. మందుల షాపులో దొరికే రొంప సిరప్‌లలో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపి ఉన్నవాటిని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులో కేంద్రమే చెప్పింది. ఇక చీమిడి పచ్చగా మారిందని అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటు ఒకటి. ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైముది. అది కనపడినంత మాత్రాన బ్యాక్టీరియా ఉందని కాదు, వైరస్‌ని యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు.

భయపడాల్సింది ఎప్పుడో తెలుసుకోవడం వీటికన్నా ముఖ్యం. దగ్గు, జలుబు ఉన్న పిల్లాడు నిదానంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టండి. అరనిమిషం లెక్కించి రెండింతలు చేస్తే తప్పొస్తుంది, పిల్లల ఊపిరి ఒకే తీరున ఉండదు. రెండు నెలల్లోపు బిడ్డకి 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40. ఈ అంకెలు అందినా, దాటినా అది న్యుమోనియా కావచ్చు. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరాలి. న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాల్లో ఒకటైన న్యుమోకోకస్‌కి పసిపిల్లల టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది: ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలకి. మూడోది మరిచిపోయేవాళ్లే ఎక్కువేమోనని నా అనుమానం.

పెద్దవాళ్లకి రొంప తగ్గినా దగ్గు రెండు వారాలు లాగడం మామూలే. అయినా రెండు వారాలు దాటితే ఒకసారి కళ్లె పరీక్ష చేయించుకోవాలి, టీబీ సంగతి తేలిపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, పొగ ఒక ఎత్తు. డిసెంబరులో పొద్దున్నే డెల్టా చేల వైపు వెళ్తే కనపడుతుంది: ఎవరో గడ్డి తగలబెట్టి ఉంటారు, ఆ పొగ పైకి లేవదు. కొబ్బరిచెట్ల నడుముదాకా వచ్చి, అక్కడ ఎవరో దుప్పటి పరిచినట్టు అడ్డంగా సాగిపోతుంది. రాత్రి నేల చల్లబడి దాన్ని అంటుకున్న గాలీ చల్లబడుతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కితే గానీ ఆ మూత లేవదు. ఆయాసం మనుషులు అయిదింటికి వాకింగ్‌కి బయల్దేరి పీల్చేది ఆ మూత కింది గాలినే. ఎనిమిది దాటాక వెళ్తే పోయేదేముంది? భోగినాడైతే చెప్పక్కర్లేదు. పాత టైర్లు వేసే మహానుభావులు ప్రతి వీధిలో ఒకరుంటారు. పిడకలైనా పొగ పొగే, కాకపోతే రబ్బరంత విషం కాదు. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పూట లోపలే ఉండి, రోజువారీ ఇన్హేలర్ మానకుండా ఉంటే చాలావరకు గడిచిపోతుంది. ఇన్హేలర్ అలవాటైపోతుందన్న భయం వట్టిది, మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది కాబట్టి డోసు మాత్రల కన్నా చాలా తక్కువ.

డెబ్బై దాటాక నాయనమ్మకి ప్రతి చలికాలం దగ్గూ ఆయాసమూ మొదలయ్యాయి. ఇంట్లో మళ్లీ గోదావరినే తిట్టారు. ఆవిడని రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాను. ఆయన గొట్టంలోకి ఊదించి, కాగితం మీద గీత చూసి, “ఏం బామ్మగారూ, చుట్ట కాల్చారా?” అని అడిగాడు. ఆవిడ నొచ్చుకుంది. “పోనీ కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండారు?”

నాయనమ్మ వేళ్లు మడిచింది. “పద్నాలుగో ఏట కాపురానికొచ్చాను బాబూ. గ్యాసు పొయ్యి వచ్చింది వీడు పదో తరగతిలో ఉండగా.” నలభై ఏళ్ల పైమాటే. ఆయన స్నానాల గురించి అడగనే లేదు.