‘వాడు నా మనిషి కాదు’: సైట్లలో గాయపడ్డ కూలీల పరిహారం వెనక కథ

1968 జులైలో ఒడిశాలోని జయపురంలో, ఓ సినిమా హాలులో అలంకరణ పని చేస్తున్న 27 ఏళ్ల వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది. నెలకు 120 రూపాయలు వచ్చేవని చెప్పి పరిహారం అడిగితే యజమాని రెండు మాటలన్నాడు: వాడు నా పనివాడు కాదు, వచ్చిపోయే కాంట్రాక్టరు; పడింది కూడా వాడి అజాగ్రత్త వల్లే.

ఇప్పటి అపార్ట్‌మెంట్ సైట్లలోనూ ఇవే మాటలు. మన పరిహార చట్టాల ప్రయాణమంతా ఈ రెండు సాకులను తోసిపుచ్చడానికే సరిపోయింది.

‘నీ తప్పే’ అన్నది ముందు పోయింది. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు యజమాని తప్పుందని కార్మికుడే నిరూపించాలి. తోటి కూలీ పొరపాటైతే, 1837 నాటి ఒక తీర్పు పుణ్యమా అని పైసా రాదు. 1897 చట్టం దాన్ని మార్చింది. అదే బాటలో మన 1923 కార్మికుల పరిహార చట్టం వచ్చి, 1924 జులై 1 నుంచి అమలైంది. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితే చాలు. తాగి ఉన్నాడనో, కావాలనే హెల్మెట్ తీసేశాడనో వాదించే వీలు కొంత మిగిలింది గానీ, ప్రాణం పోతే, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే ఇప్పుడు అదీ చెల్లదు.

‘నా మనిషి కాదు’ అన్నదే మొండిగా నిలబడింది. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట వచ్చిన కూలీకి బిల్డర్ పేరు కూడా తెలియదు. కాంట్రాక్టర్ కింద పనిచేసినా అసలు యజమాని పరిహారం కట్టాలని 12వ సెక్షన్ మొదట్నుంచీ చెబుతూనే ఉంది. అయినా ‘క్యాజువల్’ (అప్పుడప్పుడూ వచ్చిపోయేవాడు) అన్న మాట అడ్డం పెట్టుకుని తప్పించుకునే సందు 2000 సవరణ దాకా చట్టంలోనే ఉంది. 77 ఏళ్లంటే మాటలా!

వడ్రంగి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1975 డిసెంబర్‌లో తేలింది. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూరు శాతమని, డబ్బు ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని కోర్టు చెప్పింది. నెలలోగా కట్టకపోతే ఇప్పుడు 12 శాతం వడ్డీ, పైగా సగం దాకా జరిమానా పడొచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. 2020 నుంచి జీతం ఎంతున్నా నెలకు 15,000 దాకానే పరిగణిస్తారు. 30 ఏళ్ల మనిషి చనిపోతే అందులో సగాన్ని, ఆ వయసుకు చట్టం పెట్టిన 207.98 అనే గుణకంతో హెచ్చిస్తారు: 15,59,850 రూపాయలు.

1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం, దాంతోపాటు సెస్ (ప్రత్యేక సుంకం) చట్టం వచ్చాయి. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సంక్షేమ బోర్డుకు వెళ్తుంది. 37,400 కోట్లకు పైగా వసూలైతే ఖర్చయింది దాదాపు 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. బోర్డు కార్డు లేని కూలీకి ఆ డబ్బు ఉన్నా లేనట్టే.

2025 నవంబర్ 21 నుంచి ఈ పరిహారం, సెస్ నిబంధనలు సామాజిక భద్రతా కోడ్ అనే ఒకే చట్టంలోకి చేరాయి. ఇంటి నుంచి పనికి వస్తూ పోతూ జరిగే ప్రమాదాలనూ, పనితో సంబంధం తేలితే, కోడ్ లెక్కలోకి తీసుకుంది.

కానీ సైట్‌లో పనిచేశాడన్న రుజువు కూలీయే చూపాలి. మేస్త్రీ వాట్సాప్‌లో పెట్టిన హాజరు, ఫోన్‌పేలో పడ్డ కూలి, ఆస్పత్రిలో రాయించిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు నమోదు) పనికొస్తాయి. ఆస్పత్రి బిల్లు కట్టి ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని సంతకం పెట్టించుకోవడం మామూలే. హక్కు వదులుకునే అలాంటి ఒప్పందం చెల్లదని 1923 చట్టమే చెప్పింది. రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. ప్రమాదం హైదరాబాద్‌లో జరిగినా సొంత జిల్లాలోనే పెట్టుకోవచ్చు.