రెండో కాన్పు ఖర్చులు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక ప్రసూతి ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. మా దగ్గరికి చాలామంది తెలుగువాళ్లే వస్తారు. ఇంటి అద్దె, పెద్దపిల్ల స్కూలు ఫీజు కట్టుకుంటూ రెండో కాన్పుకి సిద్ధమవుతుంటారు. బిడ్డ సామాన్లకి కార్డు గీకేసి, తల్లి తిండి దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగబడతారు. అది చూసీ చూసీ ఇది రాస్తున్నాను.

అపోహ: రెండో బిడ్డకి కూడా అన్నీ కొత్తవే కావాలి.

పదేళ్లు కట్టి మెత్తబడ్డ నూలు చీరని మించిన పక్కబట్ట ఏ షాపులోనూ దొరకదు. ఉతికి ఎండలో ఆరేసి, ముక్కలు చేస్తే లంగోటీలకీ సరిపోతుంది. పుట్టకముందు కొత్తబట్టలు కొనొద్దని అత్తగారంటే వాదించకండి, ఆ మాటతో డబ్బు మిగులుతుంది. పెద్దపిల్ల చొక్కాలు వాడుకోండి. పాత సీసాల పీకలు మాత్రం పారేయండి. అటక మీది వాకర్‌ని కిందికి దించకండి. పిల్లలు దానితో మెట్ల మీంచి పడుతున్నారని కెనడాలో 2004లోనే నిషేధించారు. ఆవాల దిండు కూడా వద్దు. దిండు లేకుండా, గట్టిగా చదునుగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం.

అపోహ: పాలు పడలేదు, డబ్బా తెచ్చుకోవాల్సిందే.

ఇది దాదాపు ప్రతి కాన్పుకీ రెండో రాత్రి వినే మాట. ఆమధ్య ఒకామె బిడ్డ సాయంత్రం నుంచి గంటగంటకీ ఏడుస్తోంది. "సిస్టర్, పాపకి ఆకలి తీరట్లేదు" అంటూ భర్త రాత్రి రెండింటికి మెడికల్ షాపుకి బయల్దేరాడు. ఆయన్ని ఆపి, బిడ్డ బట్టలు విప్పి తల్లి గుండెల మీద పడుకోబెట్టాను. బిడ్డ చనుమొన ఒక్కటే పట్టుకుని లాగుతోంది. నోరు బాగా తెరిచేదాకా ఆగి, నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లేలా పట్టించాను. కాసేపటికి గుటక చప్పుడు వినిపించింది. పక్కన కూర్చున్న వాళ్లమ్మగారు "తాగుతోందే!" అన్నారు.

మొదటి రోజుల్లో వచ్చేవి ముర్రుపాలు. కొంచెమే వస్తాయి, ఆ కొంచెమే చాలు. బిడ్డ ఎన్నిసార్లు చీకితే పాలు అంత ఊరతాయి. మధ్యలో డబ్బా పాలు పడితే బిడ్డ చీకడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుని బట్టి కాదు, తడిని బట్టి చూడండి. అయిదో రోజు నుంచి రోజుకి ఆరుసార్లయినా ఉచ్చ పోయాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. అలా లేకపోయినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. డాక్టర్ చెప్పినప్పుడు డబ్బా పాలు పట్టడం తప్పేమీ కాదు. కానీ పూర్తిగా వాటి మీదే పెరిగే బిడ్డకి 400 గ్రాముల డబ్బా వారం కూడా రాదు. వీటి ప్రకటనల్నీ, తల్లులకి ఉచితంగా శాంపిళ్లు పంచడాన్నీ మన దేశంలో 1992 చట్టం నిషేధించింది. ఎవరైనా చేతిలో పెడితే తీసుకోకండి.

అపోహ: ప్రభుత్వ టీకాలు నాసిరకం.

పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి, ఆ తర్వాత 6, 10, 14 వారాలకి వేసే పెంటావేలెంట్ (అయిదు జబ్బులకి ఒకే టీకా), రోటా (విరేచనాలకి), 6, 14 వారాలకి వేసే న్యుమోకాకల్ (న్యుమోనియాకి) అన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ప్రైవేటులో డబ్బు కట్టి వేయించే 'నొప్పి లేని టీకా'కి జ్వరం, వాపు తక్కువ, అంతే. రక్షణ విషయంలో ఉచిత టీకా దానికేమీ తీసిపోదు. తాయి కార్డు (కర్ణాటకలో గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు, టీకాలూ అందులోనే రాస్తారు) జాగ్రత్తగా పెట్టుకోండి.

అపోహ: ఇన్సూరెన్స్ ఉందిగా, టెన్షన్ లేదు.

కాన్పుకి ఎంతవరకు ఇస్తారో, పుట్టిన బిడ్డని ఎన్ని రోజుల్లోపు పాలసీలో చేర్పించాలో ఏడో నెలలోనే హెచ్ఆర్‌ని అడగండి. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే, అర్హత ఉన్నవాళ్లకి మాతృ వందన పథకం కింద 6,000 రూపాయలు వస్తాయి, అంగన్‌వాడీలో కనుక్కోండి. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు ఉండదు.

అపోహ: బాలింత నీళ్లు తక్కువ తాగాలి, కూరలు తినకూడదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలి. వెల్లుల్లి కారం, నెయ్యి వేసి అన్నం పెట్టండి, కానీ పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు కూడా ఉండాలి. దాహమేసినప్పుడల్లా నీళ్లివ్వండి. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక ఆరు నెలలు వాడాలి, ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇస్తారు.

పైన చెప్పిన ఆ భర్తే డిశ్చార్జ్ రోజు ఫోన్‌లో స్ట్రోలర్ చూపించి "ఇది మంచిదేనా సిస్టర్?" అని అడిగాడు. భార్య వాళ్లమ్మగారు పది రోజుల్లో ఊరికి వెళ్లిపోతారట. మా ఫుట్‌పాత్‌ల మీద స్ట్రోలర్ నాలుగడుగులు కూడా నడవదు. "ఆ డబ్బుతో వంటమనిషిని పెట్టండి, నలభై రోజులు" అన్నాను. ఒకటిన్నర నెల టీకాకి నలుగురూ వచ్చారు. తల్లి ముఖం తేటగా ఉంది. తాయి కార్డు పెద్దపిల్ల చేతిలో ఉంది, నాక్కూడా ఇవ్వనంది.