రెప్లికా బల్బులు: అపోహలు - వాస్తవాలు

బెజవాడలో పాత బల్బులు పోగేసేవాళ్లకి ఎదురయ్యే మొదటి ప్రశ్న "వెలుగుతుందా?", రెండోది "ఒరిజినలేనా?". చిక్కంతా రెండోదానితోనే, ఎందుకంటే పాత బల్బుల్ని చూసి తర్వాతి కాలంలో చేసిన నమూనాలు, అంటే రెప్లికాలు, కూడా ఉన్నాయి.

అపోహ: రెప్లికా అంటే డూప్లికేటు.
వాస్తవం: 1879 అక్టోబరులో ఎడిసన్ వెలిగించిన దీపానికి యాభై ఏళ్లు నిండాయని 1929లో అమెరికాలోని డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ పెద్ద వేడుక జరిపాడు. 82 ఏళ్ల ఎడిసన్ తన ప్రయోగాన్ని అక్కడ మళ్లీ చేసి చూపించాడు. ఇలాంటి వేడుకల గుర్తుగా వచ్చిన నమూనాలకు వాటి చరిత్ర వాటికుంది. 1929 నాటిదని చెప్పి అమ్మితే నిక్కమైన బేరం, 1879 నాటిదంటే మోసం.

అపోహ: నెత్తిన గాజు మొన ఉంటే అసలైన పాతదే.
వాస్తవం: లోపలి గాలి లాగేశాక గాజు గొట్టాన్ని కరిగించి మూసిన గుర్తు ఆ మొన. 1920ల నుంచి ఆ అతుకు టోపీ (బల్బు అడుగున హోల్డర్‌లో దూరే లోహపు మూత) లోపలికి పోయింది. కానీ రెప్లికాకి మొన కావాలనే పెడతారు. అందుకే నేను తీగ గాజులోకి దిగే చోటు చూస్తాను. తొలి రోజుల్లో అక్కడ ప్లాటినం వాడేవారు. వేడికి గాజు, ప్లాటినం దాదాపు ఒకే మేర సాగుతాయి కాబట్టి అతుకు పగలదు. ఆ ఖరీదు తగ్గించుకోవడానికి 1910లలో డ్యూమెట్ అనే రాగి పూత తీగ వచ్చింది. భూతద్దంలో అక్కడ ఎర్రగా కనిపిస్తే 1879 మాట మర్చిపోవచ్చు. ఆ చోటు క్లోజప్ ఫోటో అడిగితే కొందరు అమ్మకందార్లు ఫోన్ ఎత్తడమే మానేస్తారు!

అపోహ: బల్బు కనిపెట్టింది ఎడిసన్ ఒక్కడే.
వాస్తవం: ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ 1879లోనే తన దీపం చూపించాడు. 1883లో అక్కడ ఇద్దరి కంపెనీలూ కలిశాయి. లేబుల్ మీద ఎడిస్వాన్ అని కనిపిస్తే అచ్చుతప్పనుకుని వదిలేయకండి.

అపోహ: కెఫేల్లో వేలాడే ఎడిసన్ బల్బులూ ఇవే.
వాస్తవం: వాటిలో ఎక్కువ ఎల్‌ఈడీలు. ఆర్పి చూస్తే లోపల పసుపు పుల్లలు కనిపిస్తాయి. తొలి బల్బుల్లోని కార్బన్ తీగైతే నల్లగా ఉంటుంది.

అపోహ: ఒక్కసారి వెలిగిస్తే తేలిపోతుంది.
వాస్తవం: దయచేసి వద్దు. అమెరికా బల్బులు 110-120 వోల్టులకు చేసినవి, మన ఇంటి కరెంటు 230. పైగా వేడెక్కే కొద్దీ తర్వాతి బల్బుల్లో వాడిన టంగ్‌స్టన్ నిరోధం పెరుగుతుంది, కార్బన్‌ది తగ్గుతుంది. అంటే కార్బన్ బల్బుకి ఎక్కువ వోల్టేజీ తగిలితే కరెంటు ఇంకా ఎగబడుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, లోపలికి గాలి దూరి ఉంటే తీగ క్షణాల్లో కాలిపోతుంది. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (లోపలి తీగ తెగిందో లేదో) చూసుకోండి, చాలు.

అపోహ: మెరిసేలా కడిగితే విలువ పెరుగుతుంది.
వాస్తవం: కాగితం లేబుల్ ఊడితే విలువ పడిపోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. గాజు పట్టుకుని తిప్పొద్దు, టోపీలోని సిమెంటు వదులవుతుంది. మన ఉక్కకు డబ్బాలో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి.